తెలుగు వెబ్ ఫాంట్ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా కనిపిస్తుంటే ఏం చేశామంటే (బరంపురం నుంచి నా అనుభవం)

మా బరంపురంలో తెలుగు పిల్లలు చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీష్ మీడియంలోనో చదువుతారు. ఇంట్లో తెలుగే, వీధిలో రెండూ, కానీ తెలుగు అక్షరాలు మాత్రం స్కూల్లో దొరకవు. అందుకని ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒకటి ఆదివారం క్లాసులు నడుపుతుంది, ఆ పాఠాలు పిల్లలు ఇంటిదగ్గర కూడా చూసుకోడానికి ఒక సైట్ ఉంది, తెలుగు పదం పెద్దగా, పక్కన ఒడియాలో అర్థం, కింద ఇంగ్లీష్‌లో. బరంపురమే కాదు, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు వాళ్ళు కూడా వాడుతున్నారు. మొదట ఎవరో చేసిచ్చి వదిలేసిన సైట్ అది, తర్వాత నా చేతికొచ్చింది. నేను చేసేది వెబ్ డిజైన్ పనే.

ఫాంట్ గురించి ఎందుకంత పట్టుబట్టానో ముందు చెప్పాలి. తెలుగు చదవడం వచ్చిన మనిషికి తెరమీద వత్తు విరిగి కనిపించినా పెద్ద నష్టం లేదు, మనసులోనే సరిచేసుకుని ముందుకెళ్ళిపోతాడు. కొత్తగా నేర్చుకునే ఏడేళ్ళ పిల్లకి అది కుదరదు. క మీద పొల్లు పెట్టి పక్కన విడిగా ష కనిపిస్తే క్ష అంటే అదే అనుకుంటుంది, పలక మీద అలాగే రాస్తుంది. ఆంధ్రాలో అయితే బస్సు మీదా షాపు బోర్డు మీదా గోడ మీదా తెలుగు కనిపిస్తుంది, తప్పు నేర్చుకున్నా నాలుగు రోజుల్లో అదే సరవుతుంది. మా దగ్గర పాఠం పేజీలో ఏది కనిపిస్తే అదే.

కంప్లైంట్లు అన్నీ ఒకేసారి రాలేదు, వాట్సాప్ గ్రూపులో ఒక్కొక్కటీ పడేవి. ఒకళ్ళకి అక్షరాలు సన్నగా ఉన్నాయి, ఒకళ్ళకి మరీ లావుగా ఉండి లోపల ఖాళీలు మూసుకుపోయాయి, ఒకళ్ళ ఇంట్లో కంప్యూటర్‌లో ఒక రకం ఫోన్‌లో ఇంకో రకం. అన్నిటికన్నా నన్ను కుదిపేసింది క్లాసులు చెప్పే మాస్టారి మాట. రిటైరైన తెలుగు టీచర్ ఆయన, ఫోన్ చేసి "ఏటి బాబూ, లక్ష్మికి కాళ్ళు నరికీసినట్టున్నాయి, మ వత్తు ఏదీ?" అన్నారు. నా కంప్యూటర్‌లో చూస్తే మ వత్తు నిక్షేపంగా ఉంది.

అందరినీ స్క్రీన్‌షాట్ అడిగాను, ఫోన్ ఏదో బ్రౌజర్ ఏదో కూడా రాయమన్నాను. "బ్రౌజర్ ఏదో తెలీదు అన్నా, గూగుల్‌లో చూశాను" అని చాలామంది రాశారు, అది సహజమే, దాంతోనే సర్దుకుని ఒక పట్టిక చేసుకున్నాను. పట్టిక చూశాక అర్థమైంది ఏంటంటే ఇది ఒక జబ్బు కాదు, నాలుగైదు జబ్బులు ఒకే చోట కలిసి కూర్చున్నాయి. ఫాంట్ ఫైల్ అసలు వచ్చిందా లేదా అనేది ఒకటి, వచ్చాక అక్షరాలు సరిగ్గా కలుస్తున్నాయా అనేది ఇంకొకటి, లైన్‌లో ఎంత ఎత్తున కూర్చుంటున్నాయనేది వేరే, చివరికి తెరమీద చుక్కలుగా ఎలా పడుతున్నాయనేది మళ్ళీ వేరే. ఇవన్నీ కలిపి "బ్రౌజర్‌లో తేడా" అనేస్తే ఎన్నాళ్ళు కూర్చున్నా తెగదు.

ముందు ఫైల్ సంగతి. ఇందులో మన భాషకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది, వెబ్ ఫాంట్ (సైట్ నుంచి దిగే ఫాంట్) రాకపోయినా తెలుగు కనిపిస్తూనే ఉంటుంది. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంట్ దాంతోపాటే ఉంది, అంతకుముందు విండోస్ 7లో వాణి, ఎక్స్‌పీ కాలంలో గౌతమి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, తెలుగు సంగం ఎమ్‌ఎన్ ఉంటాయి. లైనక్స్‌లో ఎక్కువగా లోహిత్ గానీ నోటో గానీ. మనం పెట్టిన ఫాంట్ దిగకపోతే బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా వీటిలో ఒకటి తీసుకుని చూపించేస్తుంది, చూసేవాళ్ళేమో ఇదే మన ఫాంట్ అనుకుంటారు. అందుకే తేడా కనిపించగానే మొదట చూడాల్సింది అసలు ఏ ఫాంట్ వాడుతోందని. క్రోమ్‌లో అయితే డెవలపర్ టూల్స్ తెరిచి ఆ పదం మీద ఇన్‌స్పెక్ట్ కొట్టి కంప్యూటెడ్ ట్యాబ్‌లో బాగా కిందకి వెళ్తే రెండర్డ్ ఫాంట్స్ అని చూపిస్తుంది, ఫైర్‌ఫాక్స్‌లో ఇన్‌స్పెక్టర్ పక్కన ఫాంట్స్ అని విడిగానే ఉంటుంది. ఐఫోన్‌లో ఇది చూడాలంటే కేబుల్ పెట్టి మ్యాక్‌కి కలపాలి, నాకు మ్యాక్ లేదు, వైజాగ్‌లో పనిచేసే మా పిన్ని కొడుకు పండక్కి వచ్చినప్పుడు వాడి లాప్‌టాప్ మీద చూశాను.

సంఘం ఆఫీసు కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్‌లో ఫాంట్ రావట్లేదు, క్రోమ్‌లో వస్తోంది. చూడగానే ఫైర్‌ఫాక్స్ తేడా అనిపిస్తుంది. కానీ అడ్రస్ బార్ చూస్తే ఫైర్‌ఫాక్స్‌లో ఎప్పుడో పెట్టుకున్న బుక్‌మార్క్ త్రిబుల్ డబ్ల్యూతో ఉంది, క్రోమ్‌లో అది లేకుండా ఉంది. సీఎస్‌ఎస్‌లో (పేజీ ఎలా కనిపించాలో రాసే ఫైల్) ఫాంట్ ఫైల్‌కి పూర్తి అడ్రస్ రాసి ఉంది, త్రిబుల్ డబ్ల్యూ లేకుండా. బ్రౌజర్ లెక్కలో ఆ రెండూ వేరు వేరు సైట్లు. బొమ్మలైతే వేరే సైట్ నుంచి తెచ్చుకోనిస్తుంది గానీ ఫాంట్‌కి మాత్రం అవతలి సర్వర్ తన జవాబుతో పంపే హెడర్‌లో అనుమతి ఇవ్వాలి, లేకపోతే ఏ బ్రౌజరైనా ఆపేస్తుంది. క్రోమ్‌లో త్రిబుల్ డబ్ల్యూ కొట్టి చూస్తే అక్కడా రాలేదు. అంటే బ్రౌజర్ల మధ్య తేడాలా కనిపించినది బుక్‌మార్క్‌ల మధ్య తేడా! అడ్రస్‌ని సైట్ పేరు లేకుండా రిలేటివ్‌గా మార్చి, త్రిబుల్ డబ్ల్యూని మామూలు అడ్రస్‌కి మళ్ళిస్తే ఆ గొడవ పోయింది.

నిజంగా బ్రౌజర్ల మధ్య తేడా అయినది బోల్డ్ ఫైల్ దగ్గర దొరికింది. పాత సైట్‌లో ఫాంట్‌ని ఏదో ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేసి వాఫ్ (వెబ్‌కి వాడే ఫాంట్ ఫైల్ రకం) చేసి పెట్టారు. రెగ్యులర్ ఫైల్ బాగానే ఉంది, బోల్డ్ ఫైల్‌లో ఒక టేబుల్ (ఫాంట్ వివరాలు దాచే భాగం) పాడైంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ బయట నుంచి వచ్చే ఏ ఫాంట్‌నైనా ఓటీఎస్ అనే జల్లెడలో వేస్తాయి, ఓపెన్‌టైప్ శానిటైజర్ అని, తేడాగా ఉన్న ఫైల్ ద్వారా కంప్యూటర్‌కి హాని జరక్కుండా. ఆ జల్లెడ మా బోల్డ్ ఫైల్‌ని వెనక్కి నెట్టేసింది, క్రోమ్‌లో తప్పులు చూపించే కన్సోల్‌లో ఓటీఎస్ పార్సింగ్ ఎర్రర్ అని వస్తోంది. ఐఫోన్ సఫారీ దారి వేరు, అది యాపిల్ సొంత ఫాంట్ వ్యవస్థ మీద నడుస్తుంది, అక్కడ అదే ఫైల్ తెరుచుకుంది. అందుకే ఐఫోన్ ఉన్నవాళ్ళ స్క్రీన్‌షాట్‌లో హెడ్డింగులు అందంగా, మిగతావాళ్ళకి ఉబ్బిపోయినట్టుగా ఉన్నాయి. ఐఫోన్‌లో క్రోమ్ వేసుకున్నవాళ్ళకీ సఫారీలాగే వచ్చింది, ఎందుకంటే మన దగ్గర ఐఫోన్‌లో ఏ బ్రౌజర్ వేసుకున్నా లోపల నడిచేది సఫారీ ఇంజనైన వెబ్‌కిట్టే.

ఆ ఉబ్బడం ఏంటంటే బోల్డ్ ఫైల్ లేనప్పుడు బ్రౌజరే రెగ్యులర్ అక్షరానికి అంచులు లావు చేసి బోల్డ్ తయారుచేస్తుంది. ఇంగ్లీష్‌కి పర్లేదు గానీ తెలుగులో ఛ, ఘ, ఝ, ణ లాంటివి లోపల చిన్న చిన్న ఖాళీలతో బతుకుతాయి, అవి మూసుకుపోతే ఏ అక్షరమో తెలీదు. లావు చేసే పద్ధతి కూడా ఒక్కో బ్రౌజర్‌ది ఒక్కోలా ఉంటుంది. సీఎస్‌ఎస్‌లో ఫాంట్-సింథసిస్ నన్ అని ఒక లైన్ పెడితే ఈ దొంగ బోల్డ్, దొంగ ఇటాలిక్ రెండూ ఆగిపోతాయి. తెలుగు సైట్ చేసే ఎవరైనా ఈ లైన్ పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. బోల్డ్ లేకపోతే సైజు పెంచుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, అక్షరం పూడిపోతే ఇంక చేసేదేం లేదు.

ఇప్పుడు మాస్టారి లక్ష్మి దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే, నేర్చుకున్నదీ ఇక్కడే. పాఠం కార్డుకి ఎత్తు పిక్సెల్స్‌లో గట్టిగా కట్టేసి ఉంది, దాటింది కనిపించకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి ఉంది. ఇంగ్లీష్ థీమ్‌లలో ఇది మామూలే. తెలుగులో లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న ఇలాంటి మాటలు కింద రెండు అంతస్తులు దిగుతాయి, పైన గుడులూ ఏత్వాలూ ఉండనే ఉన్నాయి. కానీ అదే కార్డు, అదే ఫాంట్, నా లైనక్స్‌లో కోత లేదు, మాస్టారి విండోస్‌లో కోత ఉంది, ఐఫోన్‌లో కింద ఖాళీ ఉండి పైన గుడి అంచు తగులుతోంది. ఎందుకు?

ఫాంట్ ఫైల్ లోపల అక్షరాల పై ఎత్తు, కింద లోతు చెప్పే అంకెలు ఒక సెట్ కాదు, మూడు సెట్లు ఉంటాయి. హెచ్‌హెచ్‌ఈఏ అనే టేబుల్‌లో ఒకటి, ఓఎస్/2 అనే టేబుల్‌లో టైపో అని ఒకటి, విన్ అని ఇంకొకటి. ఎప్పుడో మ్యాక్, విండోస్ ఎవరి లెక్క వాళ్ళు పెట్టుకున్నప్పటి నుంచి ఇలా మిగిలిపోయింది. మ్యాక్, ఐఫోన్ హెచ్‌హెచ్‌ఈఏ అంకెలు చూస్తాయి. విండోస్ విన్ అంకెలు చూస్తుంది, ఫాంట్‌లో యూజ్ టైపో మెట్రిక్స్ అనే బిట్ ఆన్ చేసి ఉంటే మాత్రం టైపో చూస్తుంది. ఫాంట్ చేసినవాళ్ళు మూడింటినీ సరిపెట్టకపోతే ఒకే ఫాంట్ మూడు చోట్ల మూడు ఎత్తుల్లో కూర్చుంటుంది. మనం లైన్-హైట్ గట్టిగా ఇచ్చినా సరే, ఆ లైన్ లోపల అక్షరం పాదం ఎక్కడ ఆనాలి అనేది ఈ అంకెలే తేలుస్తాయి, అందుకే అక్షరం ఒక చోట కిందకి జారుతుంది ఒక చోట పైకి లేస్తుంది. బటన్‌లో మాట మధ్యలో లేదు, కిందకి దిగిపోయింది అని తెలుగు సైట్లలో చాలామంది అనేది కూడా ఎక్కువగా ఇదే. ఫాంట్‌టూల్స్ అనే పైథాన్ లైబ్రరీ ఉంది, దాంతో ఫైల్ తెరిచి చూస్తే మా పాత ఫాంట్‌లో మూడు సెట్లూ మూడు రకాలుగా ఉన్నాయి, బిట్ ఆఫ్‌లో ఉంది.

సీఎస్‌ఎస్‌లో దీనికి అసెంట్-ఓవర్‌రైడ్, డిసెంట్-ఓవర్‌రైడ్ అని మందు ఉంది, క్రోమ్‌లో 2020 చివర్లో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో 2021లో. సఫారీ వాటిని పట్టించుకోలేదు, ఐఫోన్‌లో పెట్టి చూశాను, ఏ మార్పూ లేదు. కాబట్టి దానిమీద ఆధారపడకూడదని వదిలేశాను. కార్డుకి గట్టి ఎత్తు తీసేసి కనీస ఎత్తు పెట్టాను, ఓవర్‌ఫ్లో హిడెన్ పీకేశాను, తెలుగుకి లైన్-హైట్ 1.8 ఇచ్చాను. థీమ్‌లో ఇంగ్లీష్ కోసం పెట్టిన లెటర్-స్పేసింగ్ కూడా తెలుగుకి సున్నా చేశాను, అక్షరాల మధ్య సందులు పడి పిల్లలకి పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియట్లేదు. తర్వాత ఫాంటే మార్చేశాను, దాని సంగతి కింద చెప్తాను.

మాస్టారికి మళ్ళీ చూపించాను. లక్ష్మి బావుంది బాబూ, స్త్రీ బావుంది, మరి మా ౘలి ఏదీ అన్నారు. పాత పద్యాలు చెప్పేటప్పుడు ఆయన దంత్య చ, దంత్య జ గుర్తుపెట్టి రాయిస్తారు, ౘలి, ౙొన్న అని. ఆ రెండు అక్షరాలు యూనికోడ్‌లోకి (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ నంబర్ ఇచ్చే పట్టిక) 2008లో 5.1 వెర్షన్‌లో వచ్చాయి, రోజూ వాడే తెలుగు అక్షరాలు మాత్రం 1991లోనే ఉన్నాయి. అందువల్ల చాలా ఫాంట్లలో ఆ రెండూ ఉండవు. లేనప్పుడు బ్రౌజర్ ఆ ఒక్క అక్షరం కోసం మెషిన్‌లో వేరే ఫాంట్ వెతుకుతుంది, విండోస్‌లో ఒకటి దొరుకుతుంది, ఫోన్‌లో ఇంకొకటి, పాత మెషిన్లలో ఏదీ దొరక్క డబ్బా కనిపిస్తుంది. పదంలో ఒక అక్షరం ఒక చేత్తో, మిగతావి ఇంకో చేత్తో రాసినట్టు అయిపోతుంది. కాబట్టి ఫాంట్ ఎంచుకునేటప్పుడే మీకు కావాల్సిన అక్షరాలన్నీ అందులో ఉన్నాయా అని చూసుకోవాలి, క నుంచి హ వరకు చూస్తే చాలదు, ఱ, ఁ, ౠ, ఇలాంటివి కూడా.

దీనికి దగ్గరిదే ఇంకోటి, కంటికి కనిపించని అక్షరం. బ్యాంక్‌లో, స్టేషన్‌కి అని రాసేటప్పుడు మధ్యలో జెడ్‌డబ్ల్యూఎన్‌జే అని ఒకటి వేస్తాం, లేకపోతే క కింద ల వత్తు వచ్చి కూర్చుంటుంది. దాని నంబర్ 200సీ. తెలుగు అక్షరాల గది 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు, అంటే ఈ అక్షరం ఆ గదిలో లేదు. పాత సీఎస్‌ఎస్‌లో యూనికోడ్-రేంజ్ (ఫాంట్‌ని ఏ నంబర్లకి వాడాలో చెప్పే లైన్) సరిగ్గా ఆ గది వరకే రాసి ఉంది. అప్పుడు బ్రౌజర్‌కి ఈ ఒక్కదాని కోసం వేరే ఫాంట్‌కి వెళ్ళే పని పడొచ్చు, పదం అక్కడ తెగి రెండు ముక్కలవ్వచ్చు, ఎక్కడ తెంచాలి ఎక్కడ కలిపి ఉంచాలి అనేది ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా చూసుకుంటుంది. మా స్క్రీన్‌షాట్లలో ఒక చోట సన్నటి సందు వచ్చింది, ఇంకో చోట ఏ తేడా లేదు. రేంజ్‌లో 200సీ, దాని తోటి కనిపించని అక్షరం 200డీ కలిపాను, పద్యాల కోసం దండ, జోడు దండ కలిపాను, వాటి నంబర్లు దేవనాగరి గదిలో 0964, 0965, అవి కూడా చాలామంది మర్చిపోతారు. చుక్కల సున్నా 25సీసీ కూడా, గుణింతం గుర్తుల్ని విడిగా చూపించే పాఠంలో అది లేకపోతే గుర్తు గాల్లో వేలాడుతుంది.

ఈ జెడ్‌డబ్ల్యూఎన్‌జే అంటే గుర్తొచ్చింది, 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లని ఆపేస్తోందని దేశమంతా చెప్పుకున్నారు కదా, ఆ వరస జ, పొల్లు, ఞ, తర్వాత ఇదే కనిపించని అక్షరం, తర్వాత దీర్ఘం. ఐఓఎస్ 11.2.5లో ఉండేది, అదే నెలలో 11.2.6 ఇచ్చి సరిచేశారు. అప్పట్లో అందరూ దాన్ని వింతగా ఫార్వర్డ్ చేసుకున్నారు గానీ నాకు ఈ పని చేసేటప్పుడు దాని అసలు విషయం తెలిసొచ్చింది. తెలుగు అక్షరం తెరమీదకి రావాలంటే వెనక చాలా పని జరుగుతుంది, ఏ హల్లు ముందు, ఏ వత్తు కింద, ఏ గుడి ఎక్కడ అని ఒక షేపింగ్ ఇంజన్ కూర్చి ఇస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింట్లో ఆ ఇంజన్ హార్ఫ్‌బజ్, సఫారీలో కోర్ టెక్స్ట్. హార్ఫ్‌బజ్ వాడే రెండు బ్రౌజర్లలో వత్తులు ఒకేలా కలుస్తాయి అందుకే. సఫారీలో మాత్రం విడిగా చూసుకోవాల్సిందే. ఈ ఇంజన్‌కి ఏది దేనితో కలవాలో చెప్పేది ఫాంట్ లోపలి జీఎస్‌యూబీ టేబుల్. ఫైల్ సైజు తగ్గిస్తామని చెప్పే కొన్ని కన్వర్టర్లు ఆ టేబుల్‌ని పీకేస్తాయి, ఇంగ్లీష్‌కి ఏం కాదు, తెలుగుకి ప్రాణం పోతుంది. గుణుపురం నుంచి ఒకాయన పంపిన స్క్రీన్‌షాట్‌లో వత్తులన్నీ పొల్లుగా విడిపోయింది అందుకే, పాత సైట్‌లో మొబైల్ కోసం విడిగా తగ్గించిన ఫైల్ ఒకటి పెట్టారు, అందులో ఆ టేబుల్ లేదు. నేను ఫాంట్‌టూల్స్‌లోని పైఎఫ్‌టీసబ్‌సెట్ వాడాను, లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచమని చెప్పి మరీ.

సైజు గురించి ఆలోచించక తప్పదు, ఎందుకంటే గజపతి జిల్లా కొండల్లో మోహన, ఆర్.ఉదయగిరి అటు వెళ్తే సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు ఉండదో. వాఫ్2 వాడితే వాఫ్ కన్నా సుమారు 30 శాతం తగ్గుతుంది, 2018 నుంచి అది వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ ప్రమాణం, ఇప్పుడున్న పెద్ద బ్రౌజర్లన్నీ తీసుకుంటాయి. ఫాంట్లు గూగుల్ సర్వర్ నుంచి కాకుండా మా సర్వర్ నుంచే పెట్టాను. వేరే సైట్ చూసినప్పుడు దిగిన ఫాంట్ ఇక్కడ పనికొస్తుంది అనే పాత లాభం ఇప్పుడు లేదు, సఫారీ ఎప్పుడో ఆపింది, క్రోమ్ 2020లో, ఫైర్‌ఫాక్స్ 2021లో క్యాషేని (ఒకసారి దిగి దాచుకున్న ఫైళ్ళని) సైట్‌వారీగా విడదీసేశాయి.

ఫాంట్ దిగేలోపు ఏం చూపించాలి అనేది ఫాంట్-డిస్‌ప్లే చెప్తుంది. బ్లాక్ పెడితే సుమారు మూడు సెకన్లు ఖాళీ, స్వాప్ పెడితే వెంటనే మెషిన్ ఫాంట్‌లో చూపించి తర్వాత మారుస్తుంది. నేను స్వాప్ పెట్టాను, కొండమీద పిల్లకి ఖాళీ తెర కన్నా ఏదో ఒక తెలుగు నయం. కానీ మారేటప్పుడు పేజీ ఒక్కసారి ఎగురుతుంది, చదువుతున్న లైన్ కిందకి పోతుంది, పిల్లలు వేలు పెట్టి చదువుతుంటారు కదా. దానికి సైజ్-అడ్జస్ట్ అనేది పనికొచ్చింది, సఫారీ కూడా 17వ వెర్షన్ నుంచి తీసుకుంటోంది. నిర్మలా యూఐకి ఒక శాతం, ఆండ్రాయిడ్ నోటోకి ఒక శాతం పెట్టి మా ఫాంట్ వెడల్పుకి దగ్గరగా తెచ్చాను. పూర్తిగా పోలేదు, ఎగరడం మాత్రం బాగా తగ్గింది. ఓపెరా మినీ వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు డేటా కోసం, అందులో వెబ్ ఫాంట్ అసలు రాదు, అక్కడ ఫోన్ ఫాంటే. పాతరోజుల్లో అదే ఓపెరా మినీలో ఒక సెట్టింగ్ మారిస్తే తెలుగు బొమ్మల రూపంలో వచ్చేది, తెలుగు ఫాంట్ లేని ఫోన్లలో మేమంతా అలాగే చదివాం.

ఫాంట్ మార్చాను అన్నాను కదా. మాకు తెలుగు, ఒడియా పక్కపక్కన ఉండాలి, ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా ఉంటే పిల్లలకి ఒకటి ముఖ్యం ఒకటి కాదు అనిపిస్తుంది. ఏక్ టైప్ వాళ్ళ అనేక్ అనే ఫాంట్ కుటుంబం 2022లో వచ్చింది, పది లిపుల్లో ఉంటుంది, అనేక్ తెలుగు, అనేక్ ఒడియా ఒకే కొలతతో కలిపి గీసినవి, ఒకే ఫైల్‌లో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉంటాయి కాబట్టి దొంగ బోల్డ్ అవసరమే రాదు. కొత్తగా గూగుల్ ఫాంట్స్‌లోకి వచ్చేవాటికి ఆ మూడు సెట్ల అంకెల విషయంలో రూల్ కూడా ఉంది, అందువల్ల విండోస్, ఐఫోన్ తేడా చాలావరకు అక్కడే తీరింది. పాఠాలకి అదే పెట్టాం. అక్షరాలు దిద్దించే పేజీకి మాత్రం మాస్టారు నోటో సాన్స్ తెలుగు కావాలన్నారు, తలకట్టు అందులో స్పష్టంగా ఉందని. ఆ విషయంలో ఆయన కన్నే నమ్మాలి, నేను వాదించలేదు. తెలుగు ఉన్నచోట లాంగ్ టీఈ, ఒడియా ఉన్నచోట లాంగ్ ఓఆర్ అని గుర్తు పెట్టాను, దాంతో వెబ్ ఫాంట్ దిగకపోయినా బ్రౌజర్ ఏ భాష ఫాంట్ వెతకాలో తెలుసుకుంటుంది, చదివి వినిపించే యాప్‌లు కూడా సరైన గొంతు తీసుకుంటాయి.

పైన హెడ్డింగ్‌కి గిడుగు ఫాంట్ పెట్టాం. ఇది సంఘం వాళ్ళందరి కోరిక. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు, సవర భాషకి పని చేశారు, మాట్లాడే తెలుగు రాయాలని పోరాడారు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆయన పేరుతో సిలికానాంధ్ర వాళ్ళు ఓపెన్ లైసెన్స్ మీద ఇచ్చిన ఫాంట్ ఉన్నప్పుడు ఈ జిల్లాల తెలుగు పిల్లల సైట్ మీద అది లేకపోతే ఇంకెక్కడుంటుంది. ఒకటే బరువులో (లావులో) వస్తుంది కాబట్టి హెడ్డింగ్‌కి ఫాంట్-వెయిట్ 400 అని గట్టిగా చెప్పాలి, లేకపోతే హెడ్డింగ్ అనగానే బోల్డ్ అనుకుని బ్రౌజర్ లావు చేయబోతుంది.

ఇంత చేశాక కూడా అన్ని తెరల మీదా ఒకేలా లేదు. అక్షరాన్ని చుక్కలుగా గీసే పని విండోస్‌లో డైరెక్ట్‌రైట్ చేస్తుంది, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్, ఆండ్రాయిడ్‌లో లైనక్స్‌లో ఫ్రీటైప్ చేసేది, క్రోమ్ ఇప్పుడు అక్కడ వెబ్ ఫాంట్లకి స్క్రిఫాకి మారింది. పాత 1366 బై 768 మానిటర్ మీద సన్నటి గీతలు గరుకుగా కనిపిస్తాయి, మ్యాక్ మీద అదే అక్షరం కొంచెం నిండుగా ఉంటుంది. కమిటీలో ఒక పెద్దాయన, ఆయన కొడుకు ఐఫోన్‌లో చూసినట్టే ఆఫీసులోనూ రావాలన్నారు, కావాలంటే పదాలన్నీ బొమ్మలుగా చేసి పెట్టెయ్ అన్నారు. నేను ఒప్పుకోలేదు. బొమ్మ అయితే పిల్ల ఆ పదాన్ని కాపీ చేసుకోలేదు, వెతకలేదు, పెద్దది చేస్తే మసకవుతుంది, చూపులేని పిల్లకి చదివి వినిపించదు. "బాబాయ్, రెండు చోట్లా ఒకేలా ఉండక్కర్లేదు, రెండు చోట్లా తప్పు లేకుండా ఉంటే చాలు" అన్నాను. కాసేపు ఆలోచించి సరేలే అన్నారు. చిన్న సైజు తెలుగుకి బరువు 400 బదులు 500 పెట్టాను, ఆ పాత మానిటర్ మీద ఆయనే చదివి చూసి బావుందన్నారు.

మాస్టారు, నేను కలిసి ఒక పరీక్ష పేజీ చేసుకున్నాం, సైట్‌లోనే ఒక మూల ఉంటుంది. స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, ఉచ్ఛ్వాసం, జ్యోత్స్న, అర్ఘ్యం, విజ్ఞానం, ఇచ్ఛాపురం, సంస్కృతి, ౘలి, బ్యాంక్‌లో, ఇలా ఇబ్బంది పెట్టే మాటలు. ఒక్కో మాటా మామూలుగా ఒకసారి, బోల్డ్‌లో ఒకసారి, బటన్‌లో ఒకసారి, ఒడియా పక్కన ఒకసారి. ఫాంట్ కొత్త వెర్షన్ వచ్చినా, సీఎస్‌ఎస్‌లో ఏది కదిపినా ముందు ఆ లింక్ గ్రూపులో వేస్తాం, ఎవరి ఫోన్‌లో వాళ్ళు తెరిచి స్క్రీన్‌షాట్ పెడతారు, మాస్టారు చూసి సరే అంటేనే పిల్లల పేజీలకి వెళ్తుంది. ప్రింట్ సంగతి ఇంకా మిగిలింది, బ్రౌజర్ నుంచి పీడీఎఫ్ చేసి అందులోంచి తెలుగు కాపీ చేస్తే అక్షరాల వరస తారుమారవుతోంది, ఇప్పుడు దాని మీద కూర్చున్నాను.